పూస పక్కన పెట్టిన మాట

పదకొండేళ్లుగా జశ్వంత్‌గారిది ఒకటే సందేహం. ఆ రోజు పొద్దున నేను దేనికి "సరే" అన్నాను?

ఆయన దీపపు కుంది తోముతున్నారు. వెనక నుంచి భార్య లాస్య ఏదో చెప్పింది. ఆయన సరే అన్నారు. ఆమె చెప్పులేసుకుని పైరుగదిలో పనికి వెళ్లిపోయింది. మధ్యాహ్నం వరి మళ్ల మధ్య గుండె ఆగి పడిపోయిందని కబురొచ్చింది. పొద్దున ఆమె ఏం చెప్పిందో ఆయనకు తెలియదు. మరిచిపోవడం కాదు, అసలు చెవిన పడలేదు. తన గొంతు సరే అనడం మాత్రం గుర్తుంది.

ఆ సందేహానికి అడుగున ఇంకొకటి ఉంది. దాన్ని ఆయన ఎవరితోనూ అనలేదు. "గుండెల్లో అదోలా ఉందండీ" అని ఆమె చెప్పి, దానికి తను సరే అని ఉంటే?

శశిపేటలో ఇలాంటి సందేహం మనసులో పెట్టుకుని తిరగడం తేలిక కాదు. చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర, రాతి కింద సొరంగాలు తొలిచి కట్టిన ఊరది. నాలుగు వేల జనాభా. పొద్దున్నే నడవాలోకి వస్తే వందమంది ఎదురవుతారు. ఒక్క మాట వినపడదు. అడుగు వేసేవాడు అడుగు మీదే దృష్టి పెట్టి నడుస్తాడు. భోజనశాలలో ముద్ద కలిపేవాడు ముద్దనే చూస్తాడు. తలుపుల మీద, గోడల మీద ఒకటే రాత ఉంటుంది: "చేసేది చెయ్యి. అక్కడే ఉండు."

దానికి కారణముంది. నలభై ఏళ్ల క్రితం, ఊరు కట్టిన కొత్తలో, ఒకతను ఇంట్లో పొయ్యి ఆపానా లేదా అని ఆలోచిస్తూ, లోపలి గాలితలుపు మూయకుండా బయటి గాలితలుపు మీట నొక్కాడు. ఆరుగురు పోయారు. భూమ్మీద పరధ్యానం వల్ల పాలు పొంగిపోతాయి. ఇక్కడ ప్రాణాలు పోతాయి. అప్పుడే ఇంజనీర్లు ఎరుకపూసను తయారు చేశారు.

అది మినపగింజంత న్యూరల్ సెన్సర్. ఎడమ చెవి వెనక ఎముకకు అయస్కాంతంతో అంటుకుని ఉంటుంది. మనిషి చేస్తున్న పని ఏమిటో, మనసు ఎక్కడుందో రెండింటినీ పోల్చి ఒక గీత గీస్తుంది. ఆ గీత పేరు చిత్తరేఖ. మనసు పని మీద ఉంటే గీత సమంగా సాగుతుంది. పక్కకు పోతే వంకర తిరుగుతుంది, వెంటనే పూస చెవి వెనక మెల్లగా తడుతుంది. మనిషి ఉలిక్కిపడడు, కోప్పడడు. ఎవరో పెద్దవాళ్లు వేలితో తట్టి పిలిచినట్టు వెనక్కి వస్తాడు. పూస చేసే రెండో పని గురించి జనం అంతగా మాట్లాడుకోరు. చేస్తున్న పనికి సంబంధం లేని శబ్దాన్ని అది చెవి లోపలే మెత్తబరుస్తుంది. మూడింటిని మాత్రం ఎప్పుడూ ఆపదు: ప్రమాద గంట, పసిపిల్లల ఏడుపు, పూస పెట్టుకున్న మనిషి పేరు.

మొదట గాలితలుపుల దగ్గర పనిచేసేవాళ్లకే ఇచ్చారు. తర్వాత వంటవాళ్లు అడిగారు, తర్వాత బడిపిల్లలకొచ్చింది. పూజలోనూ ధ్యానంలోనూ మనసు నిలవడంలేదని బాధపడేవాళ్లకు అది వరంలా తోచింది. ఇప్పుడు పూస లేని చెవి శశిపేటలో లేదు.

జశ్వంత్‌గారు ముప్ఫై ఏళ్లు గాలితలుపుల పర్యవేక్షకుడిగా చేశారు. రిటైరయ్యాక కొత్తవాళ్లకు శిక్షణ ఇస్తున్నారు. శిక్షణశాల గోడకు ఆయన చిత్తరేఖ ఒకటి పటం కట్టి పెట్టారు. స్కేలు పెట్టి గీసినట్టు ఉంటుంది. కొత్తవాళ్లు దాన్ని "మాస్టారి గీత" అంటారు. దాని ముందు నుంచి పోయినప్పుడల్లా ఆయన తల దించుకుంటారు. వినయమనుకుంటారు అందరూ.

ఆ ఏడు పూసలన్నీ మారుస్తున్నట్టు ప్రకటన వచ్చింది. కొత్తవి ఇచ్చి పాతవి కరిగిస్తారు. పాత పూసలో దాచి ఉన్నది చూసుకోవాలనుకునేవాళ్లు శుక్రవారం లోపు ఎరుక కేంద్రానికి రావాలి. జశ్వంత్‌గారు సోమవారం కొత్త పూస పెట్టించుకున్నారు. పాతదాన్ని కవరులో వేసి తీసుకుపోయారు సిబ్బంది. మంగళ, బుధ, గురు, మూడు రోజులూ కేంద్రం గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చారు. శుక్రవారం మధ్యాహ్నం లోపలికి వెళ్లారు.

అక్కడ ఉన్న శాస్త్రవేత్త ఒకప్పుడు ఆయన దగ్గర గాలితలుపుల పాఠం నేర్చుకున్న పిల్లే. పేరు సుభద్ర.

"రండి మాస్టారూ. మీరు రారనుకున్నా. మీ పూసలో చూసుకోవడానికేముంటుంది? గీత తప్ప."

"నీ పేరు వింటే మా నాయనమ్మ గుర్తొస్తుందమ్మా" అన్నారు ఆయన, అసలు సంగతి ఎలా మొదలుపెట్టాలో తెలియక. "మా చిన్నప్పుడు సుభద్ర అంటే ముసలావిడ పేరు."

"ఇప్పుడు జశ్వంత్ అంటే ముసలాయన పేరు మాస్టారూ. చెల్లుకు చెల్లు."

ఆయన నవ్వారు. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ఏ రోజు కావాలో చెప్పారు.

"క్షీరాబ్ది ద్వాదశి మర్నాడు. పదకొండేళ్ల కిందట."

సుభద్రకు తెలుసు ఆ రోజు. ఊరంతటికీ తెలుసు. ఆమె పాత పూసను చదివే యంత్రంలో పెట్టింది. దాని పేరు లేఖరి. పాతకాలపు గుమాస్తా చదివినట్టు చదువుతుంది.

"ఉదయం ఆరు నలభై రెండు" అంది లేఖరి. "పని, పాత్ర శుభ్రపరచుట. చిత్తరేఖ సమం. మనసు జారుట లేదు. ఆ సంవత్సరమునకు ఇదే అత్యుత్తమ నిమిషము."

జశ్వంత్‌గారికి అర్థం కాలేదు. మనసు ఎక్కడికో పోయి ఉంటుందనీ, ఆ తప్పు గీతలో వంకరగా కనపడుతుందనీ, ఆయన పదకొండేళ్లుగా అనుకుంటున్నారు. ఆ వంకరను చూడడానికే వచ్చారు.

"పొరపాటేమో చూడమ్మా. ఆ నిమిషంలో నేను పరధ్యానంగా ఉన్నాను."

"లేరు మాస్టారూ. మీరు పూర్తిగా ఉన్నారు."

"ఎక్కడ?"

"కుంది దగ్గర."

"అడ్డంకి ఒకటి" అని లేఖరి తనపాటికి తాను చదువుకుపోయింది. "స్త్రీ కంఠము. పదిహేడు సెకన్లు. పక్కన పెట్టడమైనది."

చేతికర్ర అవసరం లేని మనిషి, అప్పుడు బల్ల అంచు పట్టుకున్నారు. చంద్రుడి మీద ఎవరూ బరువుకు కుంగిపోరు. ఆయన కుర్చీలోకి నెమ్మదిగా, ఆకు దిగినట్టు దిగారు.

"పక్కన పెట్టిందంటే, పారేసిందా?"

"లేదండీ. పక్కన పెట్టినవన్నీ దాస్తుంది. ప్రమాద గంటను పొరపాటున అడ్డంకి అనుకుందేమోనని తర్వాత ఇంజనీర్లు చూసుకోవడానికి. కానీ ఇది బాగా పాత పూస. ఒకసారి వినిపిస్తే ఆ చోటు చెరిగిపోతుంది. ఒక్కసారే వినగలరు." ఆమె ఆయన ముఖం చూసింది. "వద్దంటే ఇలాగే కరిగించేస్తాను. ఎవరికీ తెలియదు."

ఆయన చెవి వెనక గోరు పెట్టి, నాలుగు రోజుల కిందట పెట్టించుకున్న కొత్త పూసను ఊడదీసి బల్ల మీద పెట్టారు.

"మాస్టారూ!" అంది సుభద్ర. ఆమె పుట్టాక ఆయన చెవి వెనక ఖాళీగా ఉండడం చూడలేదు.

"ఇది ఉంటే మళ్లీ ఏం పక్కన పెడుతుందో ఏమో. ఇప్పుడు పెట్టమ్మా."

మొదట నీళ్ల చప్పుడు. ఆ వెనకే, పదడుగుల దూరం నుంచి, లాస్య.

"ఏమండీ. బల్ల మీది గిన్నె మోక్షితది. పరమాన్నం పంపిందిగా, అదే. వాళ్లమ్మమ్మ గిన్నెట, భద్రం. ఖాళీగా ఇవ్వకండేం. నాకు ఆలస్యమైతే మీరే రెండు సున్నుండలు చుట్టి, వేసి ఇచ్చి రండి. వింటున్నారా?"

"సరే" అంది ఆయన గొంతు.

నీళ్లు పారుతున్నాయి. ఆమె కొంచెం ఆగింది. తర్వాత నవ్వుతూ అడిగింది.

"దేనికి సరే?"

నీళ్లు. చెప్పుల చప్పుడు. తలుపు.

అంతే. లేఖరి "సమాప్తము" అంది. సుభద్ర దాని నోరు నొక్కేసింది.

జశ్వంత్‌గారి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. చంద్రుడి మీద కన్నీరు కూడా తొందరగా జారదు. రెప్పల దగ్గర పేరుకుని ఉండిపోతుంది.

"నొప్పి అని చెప్పిందేమో అనుకున్నానమ్మా" అన్నారు. "పదకొండేళ్లు అదే అనుకున్నాను. గిన్నె సంగతట."

"పోనీలెండి మాస్టారూ. ఇక ఆ బెంగ తీరింది కదా."

"తీరింది." ఆయన కండువాతో కళ్లు తుడుచుకున్నారు. "దేనికి సరే అని అడిగింది చూశావూ. ఆ మాట నేను విని ఉంటే, తిరిగి చూసేవాణ్ణి. నవ్వు ముఖం చూసి పంపేవాణ్ణి."

సుభద్ర తన ముందున్న తెర వైపు తిరిగింది, ఆయన్ని చూడలేక. "మిమ్మల్ని పేరు పెట్టి పిలిచి ఉంటే పూస వదిలేసేదండీ. జశ్వంత్ అని ఒక్కమాట అంటే చాలు. ఆవిడ ఏమండీ అన్నారు. ఊళ్లో రోజుకు వెయ్యి ఏమండీలు వినపడతాయి. పూసను చేసినవాళ్లకు అదొక పిలుపని తోచలేదు."

"మా ఆవిడ నన్నెప్పుడూ పేరు పెట్టి పిలవలేదమ్మా. పెళ్లైన కొత్తలో వాళ్లమ్మను వెక్కిరిస్తూ ఏమండీ ఏమండీ అనేది. సరదాకి మొదలుపెట్టింది, అదే నిలిచిపోయింది. ఇంటి నిండా ఉన్నది మేమిద్దరమే. ఏమండీ అంటే నేను కాక ఇంకెవరు?"

"ఆ సంగతి మనమే పూసకు చెప్పాలి మాస్టారూ. ఒక్కొక్కరు పది మాటలు చేర్చుకోవచ్చు. వాటిని ఎప్పుడూ ఆపవద్దని. మొదటి రోజు ఇచ్చిన కాగితంలోనే ఉంది."

"ఉందా? నేను చూడలేదే."

"ఎవరూ చూడలేదండీ." ఆమె గొంతు తగ్గించింది. "నేను కూడా ఇక్కడ చేరేదాకా చూడలేదు. పూసలు మార్చేటప్పుడు, పోయినవాళ్లవి కూడా కలిపి లెక్క తీశాం. ఇన్ని వేల మందిలో ఒక్క మాటైనా చేర్చుకున్నవాళ్లు పంతొమ్మిది మంది. మేం చేసింది మనసు పని మీద నిలవడానికి. జనానికి నచ్చింది మాత్రం పక్కవాళ్లు వినపడకపోవడమేమో అనిపిస్తుంది నాకు. పైకి ఎవరూ అనరు."

జశ్వంత్‌గారు లేవబోయి ఆగారు. అడగడమా మానడమా అని ఆలోచించి అడిగారు.

"ఆ పంతొమ్మిది మందిలో మా ఆవిడ ఉందా?"

సుభద్ర వెతికింది. చదివింది. మళ్లీ చదివింది.

"ఉన్నారండీ. ఒకటే చేర్చారు. అది మాట కూడా కాదు."

"మరి?"

"మీ దగ్గు."

*

ఇంటికి వచ్చేసరికి గడియారంలో నాలుగైంది. బయట సూర్యుడు ఎప్పటిలాగే కొండ అంచు మీద కదలకుండా ఉన్నాడు. బల్ల మీద పూస పెట్టి వచ్చిన సంగతి గుమ్మం దగ్గర గుర్తొచ్చింది ఆయనకు. దారిలో ఎన్ని అడుగులు వేశారో తెలియలేదు. ఎక్కడో ఒక సొరంగం గోడకు భుజం కూడా తగిలింది.

గిన్నె కోసం వెతకనక్కర్లేకపోయింది. దేవుడి అలమరలోనే ఉంది.

లాస్య పోయాక ఆ గిన్నె బల్ల మీదే ఉండిపోయింది. కర్మకాండ అయ్యాక ఆయన దాన్ని తీసి, కడిగి, నైవేద్యానికి వాడడం మొదలుపెట్టారు. అప్పటినుంచి ప్రతి పొద్దునా దానిలోనే అటుకులు, బెల్లం. ప్రతి పొద్దునా దాన్ని తోమారు. ఎంత శ్రద్ధగా తోమారంటే, ఆ నీటి చల్లదనం, స్టీలు నునుపు, అంచు మీద ఒకచోట వేలికి తగిలే గరుకు, అన్నీ ఆయనకు కళ్లు మూసుకున్నా తెలుసు. ఆ గరుకు దగ్గర బొటనవేలు ఆనించి, ఊపిరి గమనిస్తూ, గుండ్రంగా తిప్పేవారు. పూస ఒక్కసారి కూడా తట్టలేదు.

ఇప్పుడు ఆ గిన్నెను వెలుతురులోకి తిప్పి చూశారు. ఆ గరుకంతా చుక్కలు. చుక్కలన్నీ అక్షరాలు. భూమ్మీద వెనకటి రోజుల్లో స్టీలు సామాను కొన్నప్పుడు కొట్లోనే పేరు కొట్టించేవారు. "ఇంటూరి సుగుణమ్మ" అని ఉంది.

పదకొండేళ్లు రోజూ వేలితో తాకిన పేరు. ఒక్కసారి చదవలేదు.

శశిపేటకు వచ్చేటప్పుడు మనిషికి మూడు కిలోల సొంత సామానే తెచ్చుకోనిస్తారు. ఆ మూడు కిలోల్లో ఒకావిడ వాళ్లమ్మమ్మ గిన్నె తెచ్చుకుంది. ఆమె నాలుగు గుమ్మాల అవతలే ఉంటుంది. రోజూ నడవాలో ఎదురవుతుంది. గిన్నె ఏదని ఎన్నడూ అడగలేదు. చావు జరిగిన ఇంట్లో గిన్నె అడుగుతారా ఎవరైనా? మొదటి నెల అడగలేకపోయి ఉంటుంది. తర్వాత అడిగే వేళ దాటిపోయి ఉంటుంది.

ఆ పరమాన్నం కూడా గుర్తొచ్చింది ఆయనకు. మెతుకు మెతుకూ రుచి చూస్తూ తిన్నారు. యాలకుల వాసన ఇప్పటికీ చెప్పగలరు. ఎవరు పంపారని అడగలేదు.

ఆయన అలమర ముందు నిలబడ్డారు. ఇక్కడ నిప్పు వెలిగించనివ్వరు కనుక కుందిలో చిన్న విద్యుద్దీపం వెలుగుతోంది.

"ఎవరి గిన్నెలో పెడుతున్నానో నీకు తెలుసు కదా స్వామీ" అన్నారు. "ఇన్నేళ్లూ తిన్నావు. ఒక్కనాడైనా చెప్పకపోయావా?"

స్వామి అంతకుముందు చాలాసార్లు చెప్పే ఉంటాడనీ, తనే వినకుండా సరే అని ఉంటాననీ ఆయనకు తోచింది.

డబ్బాలో మినుములు ఉన్నాయి. సరుకుల కొట్టు నుంచి బెల్లం తెచ్చారు. నెయ్యి భూమి నుంచి రావాలి కనుక నెలకు రెండు చెంచాలే ఇస్తారు. మూడు నెలల నెయ్యి దాచి ఉంది, దీపావళికని. అదంతా కరిగించారు. మూకుడులో మినుములు పోసి వేయించడం మొదలుపెట్టారు.

వేయిస్తూ లాస్యను తలుచుకున్నారు. ఆమె సున్నుండలు చుట్టేటప్పుడు మొదటిది పగలగొట్టి, సగం నోట్లో వేసుకుని, సగం ఆయన నోటి దగ్గర పెట్టేది. "తీపి చాలిందా చెప్పండి, ఆ గోడ వైపు చూడకండి" అనేది. తను ఏం జవాబు చెప్పేవాడు? బహుశా సరే అని. ఆ ఆలోచనలో ఎంతసేపు గడిచిందో. చెవి వెనక తట్టేది ఏదీ లేదు. మాడు వాసన ముక్కుకు తగిలినప్పుడు ఉలిక్కిపడి మూకుడు దించారు. మినుములు ఒకవైపు నల్లబడ్డాయి. ముప్ఫై ఏళ్లలో ఆయన చేతి మీద ఒక్కటి మాడలేదు.

పారేసి మళ్లీ వేయించేంత మినుములు లేవు. నల్లనివి ఏరగలిగినన్ని ఏరి, మిగిలినవి పొడి కొట్టి, బెల్లం, నెయ్యి కలిపి చుట్టారు. తొమ్మిది అయ్యాయి. ఏదీ గుండ్రంగా లేదు. మొదటిది పగలగొట్టి సగం తిన్నారు. రెండో సగం చేతిలో పట్టుకుని కాసేపు నిలబడి, దేవుడి ముందు పెట్టారు. ఎనిమిది గిన్నెలో పేర్చారు.

మోక్షిత తలుపు తీసింది. గాలి గొట్టాల మరమ్మతు పని ఆమెది. చేతులకు ఇంకా నల్లటి జిగురు ఉంది. అరవై దాటిన మనిషి. ముందు ఆయన ముఖం చూసింది, తర్వాత చెవి వెనక ఖాళీ చూసింది, తర్వాత గిన్నె చూసింది. అక్కడే ఆగిపోయింది.

"ఇది మీకు ఇవ్వాలి" అన్నారు జశ్వంత్‌గారు. "ఆలస్యమైంది."

ఆమె వెంటనే అందుకోలేదు. చెవి వెనక గోరు పెట్టి తన పూస తీసి, జేబులో వేసుకుంది.

"ఏమన్నారన్నయ్యగారూ? మళ్లీ చెప్పండి."

"ఇది మీ గిన్నె. ఖాళీగా ఇవ్వకూడదని సున్నుండలు చేశాను. కొంచెం మాడాయి. ఏదో ఆలోచిస్తూ ఉండిపోయాను."

"మాడాయా?" ఆమె వంగి వాసన చూసింది. "అబ్బ! ఎన్నేళ్లయిందండీ మాడు వాసన చూసి. ఈ ఊళ్లో ఎవరింట్లోనూ ఏదీ మాడదు." నవ్వబోయింది, కుదరలేదు. "మా అమ్మమ్మవి కూడా ఇలాగే మాడేవి. పొయ్యి దగ్గర నిలబడి పక్కింటి వాళ్లతో కబుర్లు చెప్పేది."

"ఇన్నేళ్లూ మీరు అడగలేదు."

"ఎలా అడగను? ఒకసారి నడవాలో మిమ్మల్ని పిలిచాను కూడా. అన్నయ్యగారూ అని. మీకు వినపడలేదు. నడుస్తున్నారు." తప్పుపట్టినట్టు అనలేదు ఆమె. ఉన్న సంగతి చెప్పినట్టు అంది. "తర్వాత నేనూ నడవడం నేర్చుకున్నాను."

నడవాలో జనం పోతున్నారు. ఎవరి అడుగు మీద వాళ్ల దృష్టి. మాడు వాసన తగిలి ఒకాయన మాత్రం ఒక్క క్షణం తల తిప్పాడు. ఆయన చెవి వెనక పూస తట్టినట్టుంది, మళ్లీ ముందుకు చూసుకుని పోయాడు.

"ఇది నా గిన్నె అని మీకెవరు చెప్పారు?" అని అడిగింది మోక్షిత.

"లాస్య చెప్పింది."

"ఎప్పుడు?"

"పదకొండేళ్ల కిందట. ఇవాళ విన్నాను."

ఆమె జిగురు చేతులు చీరకు తుడుచుకుని, రెండు చేతులూ చాపి గిన్నె అందుకుంది. అంచు మీద బొటనవేలు జరిపి, వాళ్లమ్మమ్మ పేరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదువుకుంది.